షిమనామి కైడోలో పాత జపనీస్ ఇంట్లో రెండ్రోజులు: అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి సైకిల్ పిచ్చి, ఏం చెయ్యమంటారు?

గోదారిగట్టు_85:

నమస్తే అండీ అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

అక్టోబర్ ఆఖరి వారంలో జపాన్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, మా వాడు (పదేళ్ళు), అమ్మా నాన్న. టోక్యో, క్యోటో, ఒసాకా అందరూ చూసేవే, అవి బుక్ అయిపోయాయి. మధ్యలో మూడు రోజులు ఖాళీగా ఉంచా, షిమనామి కైడో కోసం. తెలియనివాళ్ళకి చెప్తున్నా, జపాన్ పెద్ద దీవి హొన్షూ వైపు ఒనోమిచి అనే ఊరి నుంచి షికోకు దీవి వైపు ఇమాబారి దాకా ఆరు దీవుల మీదుగా బ్రిడ్జిలు దాటుకుంటూ పోయే సైకిల్ దారి అది, సుమారు 70 కిలోమీటర్లు. రెండేళ్ళ కింద ఎవరో పెట్టిన వీడియో చూసి మా నాన్న అప్పట్నుంచీ అదే పాట. ఆయనకి 66, రాజమండ్రిలో రోజూ పొద్దున్నే గట్టు మీద పది పన్నెండు కిలోమీటర్లు తొక్కుతారు, గేర్లు లేని హీరో సైకిల్ మీద. అమ్మకి మాత్రం మోకాళ్ళు పనిచెయ్యవు, కింద కూర్చుంటే ఇద్దరం పట్టుకుని లేపాలి. పైగా ప్యూర్ వెజ్, గుడ్డు కూడా తినదు.

నాకు హోటల్లో కాకుండా కొమింకాలో ఉండాలని ఉంది. కొమింకా అంటే పాతకాలం చెక్క ఇళ్ళు, బాగుచేసి అద్దెకిస్తున్నారు కదా, అవి. ఎందుకంటే మా తాతగారిది ముక్కామల దగ్గర మండువా లోగిలి, పంపకాల్లో అమ్మేశారు, కొన్నవాళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపారు. మా వాడికి అలాంటి ఇల్లంటే ఏంటో ఫోటోల్లోనే తెలుసు. పోనీ ఎక్కడో ఒక దగ్గర ఒక పాత ఇంట్లో పడుకున్నట్టుంటుంది అని చిన్న ఆశ, నవ్వకండి.

నా డౌట్లు ఏంటంటే, ఏ దీవిలో ఉంటే మంచిది, అమ్మ నేల మీద పరుపు మీద పడుకుని లేవగలదా, తిండి సంగతేంటి, సూట్‌కేసులు ఏం చెయ్యాలి, ఇంకా అసలు సైకిల్ తొక్కని మనిషిని ఈ రూట్‌కి తీసుకెళ్ళడం తెలివైన పనేనా? మా ఆవిడైతే "మీ నాన్న సరదా కోసం మీ అమ్మని ఇబ్బంది పెడతావా" అంటోంది.

టోక్యో_టిఫిన్:

వెళ్ళండి బాస్, డౌటే వద్దు. నేను ఏడేళ్ళుగా టోక్యోలో నిషికసాయిలో ఉంటున్నా, షిమనామి రెండుసార్లు వెళ్ళా, మొదటిసారి ఫ్రెండ్స్‌తో, రెండోసారి మా అత్తామామలతో. రెండోసారి అనుభవం మీకు పనికొస్తుంది, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు ఒక మాట. 70 కిలోమీటర్లూ పూర్తి చెయ్యాలి అనే ఆలోచన తీసేయండి. ఒక దీవి పట్టుకోండి, ఒకే ఇంట్లో రెండు రాత్రులు ఉండండి, పొద్దున వెళ్ళి సాయంత్రానికి అదే ఇంటికి వచ్చెయ్యండి. పాత ఇంటికి సాయంత్రం ఆరింటికి అలిసిపోయి చేరి, పొద్దున తొమ్మిదికి ఖాళీ చేసి పోతే ఆ ఇల్లు చూసినట్టే కాదు, దాని కన్నా హోటల్ నయం. ఆ ఇంట్లో బాగుండేది మధ్యాహ్నం మూడింటికి ఎండ వరండాలోకి వచ్చే టైము, పొద్దున తలుపులు తీసే టైము. ఒక్క రాత్రి ఉండేవాళ్ళకి ఆ రెండూ దొరకవు.

ఏ దీవి అంటే ఇకుచిజిమా, అందులో సెతోదా ఊరు. కారణం సింపుల్, మీ అమ్మగారు సైకిల్ ఎక్కకుండానే అక్కడికి రావచ్చు. ఒనోమిచి స్టేషన్ ఎదురుగానే రేవు, అక్కడి నుంచి సెతోదాకి పడవ ఉంది, 40 నిమిషాలు పడుతుంది, సైకిళ్ళు కూడా ఎక్కించుకుంటారు. మిహారా నుంచి కూడా పడవ ఉంది, అది ఇంకా దగ్గర. ఒసాకా నుంచి అయితే షింకన్‌సెన్ బుల్లెట్ ట్రైన్‌లో ఫుకుయామా, అక్కడ లోకల్ ట్రైన్ మారితే 20 నిమిషాల్లో ఒనోమిచి. పడవల టైమింగ్స్ మాత్రం ముందే చూసుకోండి, మన ఫెర్రీల్లా నిండితే బయల్దేరే రకం కాదు.

మీ నాన్నగారు, మీరు, బాబు ఒనోమిచిలో సైకిళ్ళు తీసుకుని తొక్కుకుంటూ రండి, అమ్మగారు, మేడమ్ ఇద్దరూ పడవలో వస్తారు. ఒనోమిచి నుంచి మొదటి దీవి ముకాయిషిమాకి బ్రిడ్జి మీద వెళ్ళరు ఎవరూ, చిన్న ఫెర్రీ ఉంటుంది, ఐదు నిమిషాలు, చిల్లర డబ్బులు రెడీగా పెట్టుకోండి. తర్వాత ఇన్నోషిమా బ్రిడ్జి, అక్కడ సైకిల్ దారి బ్రిడ్జి కింద అంతస్తులో ఉంటుంది, నెత్తి మీద లారీలు పోతుంటాయి, మా బావమరిది అక్కడ భయపడ్డాడు. తర్వాత ఇకుచి బ్రిడ్జి, దిగితే సెతోదా ఉన్న దీవే. మొత్తం 25 నుంచి 30 కిలోమీటర్లు. రోడ్డు పక్కన నీలం గీత వేసుంటుంది, దాన్ని పట్టుకుని పోవడమే, మ్యాప్ చూడక్కర్లేదు. బ్రిడ్జిల మీదకి ఎక్కే ర్యాంపులు సైకిళ్ళ కోసం సాగదీసి కట్టారు, వాలు 3 శాతం దగ్గర ఉంటుంది, గట్టు మీద హీరో సైకిల్ తొక్కే మనిషికి అదొక లెక్క కాదు. మీ బాబుకే కొంచెం కష్టం, పిల్లల సైకిళ్ళు అద్దెకి ఉంటాయి గానీ గేర్లు ఉన్నది అడిగి తీసుకోండి.

ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకుంటే ఒక చిక్కుంది. మేం వెళ్ళినప్పుడు అవి ఎక్కడ తీసుకుంటే అక్కడే ఇవ్వాలన్నారు. మామూలువి వేరే దీవిలో ఇచ్చెయ్యొచ్చు, కాకపోతే అప్పట్లో డిపాజిట్ వెనక్కి ఇచ్చేవారు కాదు. సెతోదాలో కూడా అద్దె పాయింట్ ఉంది కాబట్టి రెండో రోజు అక్కడే తీసుకుని అక్కడే ఇచ్చేస్తే గొడవ ఉండదు.

ఇక ఇల్లు. సెతోదాలో సముద్రం దగ్గర నుంచి గుడి దాకా ఒక పాత బజారు వీధి ఉంటుంది, షియోమాచి అంటారు. ఒకప్పుడు ఈ దీవి ఉప్పు మీద, ఓడల మీద బతికింది. అప్పటి ఓ షావుకారి కుటుంబం ఇంటినే బాగుచేసి 2021లో పెద్ద హోటల్‌గా తెరిచారు, అజుమి సెతోదా అని. చాలా బాగుంటుంది గానీ రేటు మన బడ్జెట్ కాదు, బయట నుంచి చూసి, పక్కనున్న వాళ్ళ స్నానాల ఇంట్లో స్నానం చేసి వచ్చాం. మేమున్నది సందులో మామూలు ఇల్లు, ఇల్లంతా మనకే ఇచ్చే రకం, ఐదుగురికి రాత్రికి 34 వేల యెన్లు. మనిషి లెక్కన చూస్తే హోటల్ కన్నా చవకే పడింది, వంటిల్లు కూడా ఉంది కదా.

లోపల ఎలా ఉంటుందంటే, తలుపు తియ్యగానే సిమెంటో మట్టో నేల, చెప్పులు అక్కడే. ఒక అడుగు పైకి ఎక్కితే తతామీ (మందపాటి గడ్డి చాపలు) పరిచిన గదులు, గదికి గదికి మధ్య గోడలుండవు, కాగితం తలుపులు జరుపుకోవడమే. అన్నీ జరిపేస్తే ఇల్లంతా ఒకటే హాలు, మా మామగారు అది చూసి పెళ్ళి చెయ్యొచ్చు అన్నారు. సూట్‌కేస్ తతామీ మీద దొర్లించకండి, గాట్లు పడతాయి. లోపలి స్లిప్పర్లతో కూడా తతామీ ఎక్కకూడదు, బాత్‌రూమ్ స్లిప్పర్లు వేరే ఉంటాయి, మర్చిపోయి వాటితో హాల్లోకి వచ్చారో పరువు పోతుంది (నాది పోయింది). గుమ్మాలు ఎత్తు తక్కువ, ఐదడుగుల ఎనిమిది అంగుళాలు దాటినవాళ్ళకి మొదటి రోజు నుదుటి మీద బొప్పి గ్యారంటీ.

సూట్‌కేసులు ఒసాకా హోటల్ నుంచే తర్వాత మీరు ఉండబోయే హోటల్‌కి కొరియర్ వేసెయ్యండి, తక్యూబిన్ అంటారు, రిసెప్షన్‌లోనే ఇచ్చెయ్యొచ్చు. మనిషికో బ్యాక్‌ప్యాక్ చాలు మూడు రోజులకి.

సైకిల్_మామ_వరంగల్:

అన్నా నా మాట వేరే ఉంటది, కోపం చేసుకోకు. నేను కిందటేడు ఒక్క దినంల కొట్టేసిన మొత్తం 70. పొద్దుగాల ఆరున్నరకు ఒనోమిచిల ఎక్కితే మూడింటికి ఇమాబారిల ఉన్న, మధ్యల తినుడు ఫోటోలు అన్నీ కలిపి. అక్కడ స్టేషన్ ముంగట మామూలు హోటల్ల పండిన, మంచం ఉంది, ఏసీ ఉంది, మస్తు నిద్రవట్టింది. పాత ఇండ్లు చూసుడుకు బాగుంటయి, పండుడుకు కాదు. నువ్వు సగంల ఆపితే కురుషిమా బ్రిడ్జి మిస్ అయితవ్, అసలు రూట్ల బెస్ట్ గదే. మూడు వేలాడే బ్రిడ్జిలు ఒకదానెంక ఒకటి కలిపి కట్టిండ్రు, నాలుగు కిలోమీటర్లు, కింద నీళ్ళు సుడులు తిరుగుతుంటయి, పెద్ద పెద్ద ఓడలు నీ కాళ్ళ కింద పోతుంటయి. నాయన గంత దూరం వొయ్యి గది చూడకుండ వస్తే జీవితమంత అంటడు చూడు.

టోక్యో_టిఫిన్:

మామా, కురుషిమా సూపర్, కాదనట్లేదు. కానీ నువ్వు ఒక్కడివి వెళ్ళావ్, ఆయన మూడు తరాలతో వెళ్తున్నారు. పోనీ మూడో రోజు అందరూ బస్సుల్లో ఇమాబారి వైపు పోయి అక్కడ బ్రిడ్జి పక్కనే ఉన్న అద్దె పాయింట్‌లో సైకిళ్ళు తీసుకుని నాన్నగారు ఆ నాలుగు కిలోమీటర్లు వెళ్ళి రావచ్చు. అలా చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. దీవుల మధ్య బస్సులు తక్కువ, మారాల్సి వస్తుంది, టైమ్‌టేబుల్ చూసుకోకపోతే స్టాప్‌లో గంటలు గంటలు కూర్చోవాలి, అదొక్కటి జాగ్రత్త.

బుజ్జి_బెంగళూర్:

అందరూ పాత ఇల్లు పాత ఇల్లు అని పొగుడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. మేం ఫిబ్రవరిలో వెళ్ళాం, ఒక దీవిలో (ఏ దీవో, ఎవరి ఇల్లో చెప్పను, ఓనర్ పెద్దావిడ మంచిదే పాపం) వందేళ్ళు దాటిన ఇల్లు. ఫోటోల్లో స్వర్గం. రాత్రి తొమ్మిదికి గదిలో నా ఊపిరి నాకు పొగలా కనపడింది. ఆ ఇళ్ళు ఎండాకాలం ఉక్కపోతకి తట్టుకునేలా కట్టినవి, గాలి ఆడాలని నేలకి కింద ఖాళీ వదిలేస్తారు, గోడల్లో చలిని ఆపే సరుకేం ఉండదు. కిరసనాయిల్ హీటర్ ఒకటి ఇచ్చారు, అది ఆపగానే పది నిమిషాల్లో మళ్ళీ ఫ్రిజ్జే. టాయిలెట్ వరండా చివర, అర్ధరాత్రి వెళ్ళాలంటే నాకు ఏడుపొచ్చింది. టాయిలెట్ సీటు మాత్రం వెచ్చగా ఉంది, ఒప్పుకోవాలి, ఒకదశలో అక్కడే కూర్చుండిపోదాం అనుకున్నా.

ఇంకోటి, మా కజిన్ జూలైలో వెళ్తే పరుపు పక్కన జెర్రి కనపడిందంట, అక్కడివి అరచేతి పొడవు ఉంటాయి. పల్లెటూళ్ళలో పాత ఇల్లంటే అవి ఉంటాయి, ఏ దేశమైనా. అక్టోబర్ ఆఖరు కాబట్టి మీకు చలీ అంత ఉండదు, పురుగూ తక్కువే. కానీ బుక్ చేసేముందు మూడు అడగండి: పడుకునే గదిలో ఏసీ హీటింగ్ ఉందా, టాయిలెట్ లోపలేనా, మంచం ఉన్న గది ఒక్కటైనా ఉందా. ఈ మూడింటికీ ఫోటో పంపమనండి, మాట కాదు.

గోదారిగట్టు_85:

బుజ్జి గారూ థాంక్యూ, ఇలాంటిది కూడా ఎవరైనా చెప్తారేమో అనే చూస్తున్నా. జెర్రి విషయం మా ఆవిడకి చూపించను.

రాజేశ్వరమ్మ_కథలు:

బాబూ, నాకు 63. మా అబ్బాయి వాళ్ళు కోబేలో ఉంటారు, కిందటి నవంబర్‌లో నన్ను ఆ సెతోదాకే తీసుకెళ్ళారు, నాకూ మోకాళ్ళే, నేనూ శాకాహారినే, అందుకని మీ అమ్మగారి తరఫున నేను చెప్తాను, మగపిల్లలు బ్రిడ్జిల సంగతి చూసుకోండి.

నేల మీద పడుకోవడం కష్టం కాదు, లేవడమే కష్టం. వాళ్ళ పరుపులు పల్చన, నేను రెండు పరుపులు ఒకదాని మీద ఒకటి వేయించుకున్నాను, బీరువాలో ఎక్స్‌ట్రావి ఉంటాయి. గోడ వారగా కాకుండా స్తంభం పక్కన వేసుకుంటే పట్టుకుని లేవచ్చు. గోడ అనుకుని కాగితం తలుపు పట్టుకుని లేవబోతే చెయ్యి అవతలకి పోయింది నాకు. మా కోడలు ఓనర్‌కి ఫోన్ చేసి చెప్తే ఆయన నవ్వి పర్వాలేదన్నాడంట, కొత్త కాగితం వాళ్ళే అతికించుకుంటారంట. మంచం ఉన్న ఇల్లు దొరికితే అదే మేలు, ఇప్పుడు బాగుచేసినవాటిలో ఒక గదిలో పొట్టి మంచాలు వేస్తున్నారు. భోజనానికి కుర్చీలు టేబులు ఉందో లేదో కూడా కనుక్కో. ఆ పొట్టి బల్ల ముందు కింద కూర్చుని మూడు పూటలూ తినాలంటే నా వల్ల కాదు.

స్నానాల తొట్టి మాత్రం, అబ్బ. లోతుగా ఉంటుంది, మెడ దాకా వేడినీళ్ళు. ముందు బయట సబ్బుతో శుభ్రంగా కడుక్కుని తర్వాత దిగాలి, ఆ నీళ్ళు ఇంట్లో అందరికీ అవే, ఒకరు దిగాక పారబొయ్యరు. మొదట్లో ఇదేం ఎంగిలి నీళ్ళు అనుకున్నాను, రెండో రోజు నేనే ముందు దిగాను. అంచు ఎత్తు, ఎక్కేప్పుడు దిగేప్పుడు మీ ఆవిడ పక్కన ఉండాలి.

తిండి సంగతి నిజం చెప్తాను. బయట అమ్మగారికి దొరకదు. కూరగాయల సూప్ అన్నా, నూడిల్స్ అన్నా, ఆఖరికి టోఫూ మీద పోసే చారు అన్నా అడుగున చేపల రసం ఉంటుంది, దాషి అంటారు. వాళ్ళ దృష్టిలో అది మాంసం కాదు, అందుకని అడిగితే వెజ్జే అంటారు, అబద్ధం చెప్పట్లేదు పాపం. కాబట్టి వంటిల్లు ఉన్న ఇల్లే తీసుకోండి. బియ్యం, కూరలు, పెరుగు అక్కడ సూపర్ మార్కెట్‌లో దొరుకుతాయి, రైస్ కుక్కర్ ఇంట్లోనే ఉంది. నేను కందిపొడి, గోంగూర పచ్చడి, చింతపండు, పోపు డబ్బా పట్టుకెళ్ళాను. పచ్చి కరివేపాకు పట్టుకెళ్ళకండి, ఎయిర్‌పోర్టులో మొక్కల తనిఖీ గట్టిగా ఉంటుంది, తీసేసుకుంటారు. ఎండబెట్టినా ముందు రూల్ చూసుకోండి. ఆ దీవిలో నిమ్మకాయలు విపరీతం, రోడ్డు పక్కన చిన్న బల్ల మీద సంచుల్లో పెట్టి మనిషి లేకుండా వదిలేస్తారు, డబ్బాలో వంద యెన్లు వేసి తీసుకోవడమే. శరదృతువులో ఆకుపచ్చగా ఉంటాయి, పులుపు కన్నా వాసన ఎక్కువ. నేను వాటితో పులిహోర కలిపాను. ఓనర్ గారికి కూడా ఒక గిన్నెలో పంపించాం, గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు నారింజలు వేసి పంపించాడు, మన వైపు లాగే ఖాళీ గిన్నె ఇవ్వరు అనుకుంటా.

మీరు సైకిళ్ళకి పోతే అమ్మగారికి పొద్దుపోదేమో అని భయం వద్దు. కోసంజీ అని గుడి ఉంది అక్కడే, నడిచే దూరం. ఒక వ్యాపారి వాళ్ళమ్మ పోయాక ఆవిడ పేరు మీద 1936లో కట్టడం మొదలుపెట్టాడంట, రంగురంగులుగా ఉంటుంది. పైన కొండ మొత్తం తెల్ల పాలరాయి, ఇటలీ నుంచి తెప్పించింది. మెట్లున్నాయి, నేను సగం దాకా వెళ్ళి కింద కూర్చుని ఐస్‌క్రీమ్ తిన్నాను.

మండువా_పునాది:

గోదారిగట్టు గారూ, మీ తాతగారి ఇంటి మాట చదివి రాయకుండా ఉండలేకపోయా. నేను ఆర్కిటెక్ట్‌ని, పాత కట్టడాల మీదే పని, విజయవాడలో ఉంటా. ఆ దీవుల్లో పదిరోజులు ఇళ్ళు చూడ్డానికే తిరిగా, సైకిల్ ఊరికే రవాణాకి. పైన వాళ్ళంతా ఎలా ఉండాలో చెప్పారు, ఏం చూడాలో నేను చెప్తా, బాబుకి చూపించండి.

ఇంట్లోకి వెళ్ళగానే పైకి చూడండి. బాగుచేసినవాళ్ళు తెలివైనవాళ్ళయితే అడ్డంగా వేసిన ఫాల్స్ సీలింగ్ పీకేసి దూలాలు బయటపెడతారు. వంకర దుంగల్ని వంకరగానే వాడేస్తారు, చెక్కి తిన్నగా చెయ్యరు. వంటింటి పొగకి నల్లబడి ఉంటాయి, ఆ నలుపు పెయింట్ కాదు. తర్వాత స్తంభాల అడుగు చూడండి. పాతవాటిలో స్తంభాన్ని భూమిలో పాతరు, రాయి మీద నిలబెడతారు అంతే. భూకంపం వస్తే ఇల్లు ఊగుతుంది. మన మండువా ఇళ్ళలో స్తంభం కింద రాతి దిమ్మ పెట్టినట్టే, కాకపోతే మనకి అది చెద కోసం, చెమ్మ కోసం.

గోడలు వెదురు తడిక. దాని మీద గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన సున్నం పూత. సున్నంలో జనపనార లాంటి పీచు, సముద్రపు నాచు ఉడకబెట్టిన జిగురు కలుపుతారు. మన వాళ్ళు గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ వేసిన లెక్కే, ఎక్కడ ఏది దొరికితే అది. బయట గోడకి నల్లగా కాలిన చెక్కలు కొట్టుంటాయి చూశారా, ఇల్లు తగలబడిందేమో అనుకోకండి, సుగి చెక్కని కావాలనే పైపైన కాలుస్తారు, యాకిసుగి అంటారు. ఉప్పుగాలికి, పురుగుకి తట్టుకుంటుంది. ఆ సముద్రం చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో కనిపిస్తుంది. పెంకులు కూడా లోకలే, ఇమాబారిలో కికుమా అనే చోట వందల ఏళ్ళుగా పెంకులు కాలుస్తున్నారు, వెండి రంగు.

ఎన్గావా అని తోట వైపు సన్నగా చెక్క నడవా ఉంటుంది, మన వసారా. లోపలా కాదు బయటా కాదు. మీ అమ్మగారికి అదే మంచి చోటు, కాళ్ళు కిందకి వేలాడేసి కూర్చోవచ్చు, మోకాలు మడవక్కర్లేదు, ఎత్తు సరిగ్గా కుర్చీ అంత ఉంటుంది. కింద నుంచి లేపే పనే ఉండదు.

ఇన్ని ఇళ్ళు ఎందుకు ఖాళీ పడ్డాయి అంటే, ఆ దీవుల్లో పని పోయింది. ఉప్పు మడులు 1971లో చట్టంతో మూసేశారు, ఫ్యాక్టరీ పద్ధతి వచ్చింది. ఓడల పరిశ్రమ తగ్గింది. నారింజ తోటలున్నవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, పిల్లలు ఒసాకాలో. దేశం మొత్తం మీద 2023 లెక్కల్లో ఖాళీ ఇళ్ళు 90 లక్షలు, అంటే వంద ఇళ్ళలో దాదాపు 14. పడగొట్టడానికి కూడా డబ్బు కావాలి, అందుకని అలా వదిలేస్తారు, కొన్నాళ్ళకి కప్పు కూలుతుంది. ఒనోమిచిలో 2007 నుంచి కొందరు కలిసి కొండ మీద ఖాళీ ఇళ్ళని ఒక్కొక్కటిగా బాగుచేసుకుంటూ వస్తున్నారు, మెట్ల దారుల్లో కారు పోదు కాబట్టి సామాను మోసుకుపోవాలి, వాలంటీర్లు చేతులు మార్చుకుంటూ మట్టి బస్తాలు దించుతారు. మీకు టైముంటే ఆ కొండ ఎక్కి చూడండి, బాగుచేసినవి, కూలుతున్నవి పక్కపక్కనే ఉంటాయి. నాకు అద్దె ఇళ్ళ కన్నా అదే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఒక్క జాగ్రత్త. 1981కి ముందు కట్టినవాటికి ఇప్పటి భూకంపం రూల్స్ లేవు. కొమింకాలు అన్నీ అంతకు ముందువే. బాగుచేసినప్పుడు బలపరిచారా అని ఓనర్‌ని అడగండి, అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. పాపం మన దగ్గర పాత ఇల్లు కనబడితే "ఎప్పుడు కూలుస్తున్నారు" అని అడగడమే అలవాటు.

సైకిల్_మామ_వరంగల్:

అక్కా నువ్వు చెప్పినంక నాకు పాత ఇంట్ల పండకుండ వచ్చిన అని బాధ అయితాంది. కానీ కురుషిమా మాట ఎనక్కి తీసుకోను.

టోక్యో_టిఫిన్:

ఇంకో రెండు మర్చిపోయా. రెండో రోజు మగవాళ్ళు ముగ్గురూ సెతోదా నుంచి తతారా బ్రిడ్జి వైపు వెళ్ళండి. సముద్రం పక్కనే దారి, పది కిలోమీటర్ల లోపే, మధ్యలో బీచ్, బ్రిడ్జి దగ్గర నిమ్మతోటలు కొండ నిండా. 1999లో తెరిచినప్పుడు మధ్య స్పాన్ లెక్కన ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైన కేబుల్-స్టేడ్ బ్రిడ్జి (స్తంభాల నుంచి నేరుగా తీగలతో లాగి పట్టే రకం) అదే, ఆ స్పాన్ 890 మీటర్లు. సగంలో హిరోషిమా, ఎహిమే సరిహద్దు గీత ఉంటుంది, అందరూ ఒక కాలు అటు ఒక కాలు ఇటు పెట్టి ఫోటో దిగుతారు, మీరూ దిగుతారు. స్తంభం కింద నిలబడి చప్పట్లు కొడితే శబ్దం పైకి పాక్కుంటూ పోతుంది, ఏడ్చే డ్రాగన్ అంటారు, బాబు అరగంట కదలడు అక్కడి నుంచి. అవతల దిగితే ఓమిషిమా, అక్కడ తినేసి వెనక్కి వచ్చెయ్యండి. ఓపికుంటే ఇంకొంచెం లోపలికి ఓయమజుమి గుడి, సమురాయ్‌ల కవచాలు, కత్తులు బోలెడు, ముసలి కర్పూరం చెట్టు ఒకటి ఉంది. మధ్యలో ఎక్కుడు ఉంది, చెప్పలేదనకండి.

ఆ సీజన్‌లో ఐదుంపావు, ఐదున్నరకి సూర్యాస్తమయం అయిపోతుంది, చీకటి చిక్కగా పడుతుంది, షాపులు అంతకన్నా ముందే మూసేస్తారు. నాలుగున్నరకల్లా ఇంటి దగ్గర ఉండేలా చూసుకోండి. సాయంత్రం వంటకి సరుకులు పొద్దున్నే కొనిపెట్టుకోండి. రాత్రి తొమ్మిది తర్వాత గట్టిగా మాట్లాడకండి, చెక్క ఇళ్ళు, పక్కింట్లోకి వినపడతాయి. చెత్త నాలుగు రకాలుగా వేరు చెయ్యమంటారు, గోడ మీద బొమ్మలుంటాయి, మా మామగారు దాని ముందు నిలబడి సిలబస్ ఎక్కువుందిరా అన్నారు.

గోదారిగట్టు_85:

అందరికీ పెద్ద నమస్కారం. ఇలా ఫిక్స్ అయ్యాం. సెతోదాలోనే రెండు రాత్రులు, ఒకే ఇల్లు. మూడు ప్రశ్నలూ ఫోటోలు పంపమని అడిగా, ఒక ఓనర్ గంటలో పంపించాడు, కింద గదిలో రెండు మంచాలు, నాలుగు కుర్చీల టేబులు, ఏసీ. బలపరచడం గురించి అడిగితే గోడల లోపల బిగించిన చెక్కల ఫోటోలు, పని జరుగుతున్నప్పటివి, పన్నెండు పంపాడు, అడిగినందుకు సంతోషించినట్టున్నాడు. అదే బుక్ చేశా. మూడో రోజు కురుషిమా, వరంగల్ మామ కోసం. రాజేశ్వరమ్మ గారి పోస్టు అమ్మకి చదివి వినిపించా, పులిహోర దగ్గర "అయితే సరే" అంది, అంతకుముందు దాకా ముఖం ముడుచుకునే ఉంది. ఎన్గావా ఫోటో చూసి "ఇది మన వీధి అరుగే కదరా" అంది, నేనేం మాట్లాడలేదు.

ఒక్క లాస్ట్ డౌట్. నాన్న అడగమన్నారు. అక్కడి సైకిళ్ళకి వెనక క్యారియర్ ఉంటుందా? ఉంటే అమ్మని ఎక్కించుకుని నిమ్మతోటల దాకా తీసుకెళ్తారంట. పెళ్ళయిన కొత్తలో ధవళేశ్వరం బ్యారేజీ దాకా అలాగే తీసుకెళ్ళేవారంట.

టోక్యో_టిఫిన్:

అయ్యో, అది చట్టప్రకారం కుదరదు బాస్. ఇక్కడ మామూలు సైకిల్ మీద ఇద్దరు ఎక్కితే తప్పు, పిల్లల సీటులో చిన్నపిల్లల్ని కూర్చోబెడితే తప్ప. పోలీసులు ఆపుతారు. సెతోదాలో ట్యాక్సీ ఉంటుంది, ముందు రోజు ఓనర్‌కి చెప్తే పిలిపిస్తాడు. అమ్మగారిని ట్యాక్సీలో నిమ్మతోటల దగ్గర దించమనండి, నాన్నగారు తొక్కుకుంటూ వెనకాల వస్తారు.

రాజేశ్వరమ్మ_కథలు:

ట్యాక్సీ ముందు కాదు బాబూ, ఆయన చేరాక అరగంటకి పంపించు. ఆవిడ వచ్చేసరికి ఆయన అక్కడ నిలబడి ఉండాలి.